మోటుపల్లి ఓడాట: నాలుగు, ఐదు తరగతులకు చరిత్ర, సుంకం ఒకే పాఠంలో

సుంకానికి నిర్వచనం రాయిస్తే పిలకాయలు బట్టీ కొట్టి మర్నాటికి మరిచిపోతారు. చేతిలో చింతపిక్కలు పెట్టి అందులోంచి ఒకటి తీసేసుకుంటే మరిచిపోరు. మన నెల్లూరు, ప్రకాశం బడులకు ఇందుకు చేతికందే పాఠం మోటుపల్లి రేవు (2022 దాకా ప్రకాశంలోదే, ఇప్పుడు బాపట్ల జిల్లా). అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాగేసుకునేవాళ్లని, ఇకమీదట ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోమని దాని సారం.

కావలసినవి: 400 చింతపిక్కలు, ఒక పాచిక, సుద్దముక్క. రెండు పీరియడ్లు పడుతుంది. తరగతిని నాలుగు వర్తక జట్లు చేసి, జట్టుకు 60 పిక్కలివ్వండి. మిగిలినవి అంగడి దగ్గర ఉంచండి. ఒకరిని రాజుగా కూర్చోబెట్టండి.

ప్రతి విడతలో జట్టు 0, 30, లేదా 60 పిక్కలు ఓడకెత్తుతుంది. వేరే అంకెలు వద్దు, 20కి ముప్పయ్యో వంతు ఎంతని అడిగితే ఆట అక్కడే ఆగిపోతుంది. పాచిక వేయాలి. 2 నుంచి 6 పడితే ఓడ చేరినట్టు: ప్రతి 30కి అంగడి 6 లాభమిస్తుంది, రాజు 1 సుంకం తీసుకుంటాడు. 1 పడితే ఓడ పగిలినట్టు, సరుకంతా రాజుకే. ఇది పాత పద్ధతి. ఆరు విడతలయ్యాక శాసనం సారం చదివి, మళ్లీ 60తో మొదలుపెట్టండి. ఇప్పుడు ఓడ పగిలితే సగం సరుకు సముద్రం పాలు, మిగతా సగం వర్తకుడిదే. ఈ సగం, లాభం లెక్కలు మనం ఆటకోసం పెట్టుకున్నవే, శాసనంలోవి కావని చెప్పేయండి.

ఆరు ఓడల్లో ఒకటి పగిలిందనుకుంటే, 30 చొప్పున ఎత్తిన జట్టుకు పాత పద్ధతిలో 25 లాభం, 30 నష్టం. కొత్త పద్ధతిలో నష్టం 15కి తగ్గి, చివరికి 10 మిగులుతుంది. విడతలు తగ్గించకండి. రెండు మూడుతో ఆపితే 1 పడకపోవచ్చు, అప్పుడు రెండు పద్ధతులూ ఒకేలా కనిపిస్తాయి. ఏ విడతలో ఎన్ని ఓడలు బయల్దేరాయో బోర్డు మీద రాస్తూ పోండి. అసలు పాఠం ఆ వరసలోనే ఉంది.

చురుకైన పిల్ల ఎవరో తప్పకుండా అడుగుతుంది: “జప్తు చేస్తేనే రాజుకు ఎక్కువొచ్చింది గదా సార్?” నిజమే, కొట్టిపారేయకండి. 30 పిక్కల ఓడ ఒకటి జప్తు చేస్తే ముప్పై ఓడల సుంకం ఒక్కసారే వచ్చినట్టు. బోర్డు చూపించి, తర్వాతి విడతలో ఎన్ని ఓడలు కదిలాయో వాళ్లచేతే లెక్కపెట్టించండి. గణపతిదేవుడు మంచోడు, పాత రాజులు చెడ్డోళ్లు అని తేల్చేస్తే మాత్రం పాఠం పాడవుతుంది.

1244 ఎంత వెనకో తెలియాలంటే తాడు తీసుకోండి. జానెడు నూరేళ్లు. అవ్వ వయసు జానలో ఎంత వరకొస్తుందో గుర్తుపెట్టించి, దాదాపు ఎనిమిది జానలు కొలిపించండి.

ఇంటిపనిగా సంతలో గంపకు ఆశీలు ఎంత కడతారో అడిగి రమ్మనండి. రోజుకు ఎంత మిగులుతుందని మాత్రం అడగొద్దని ముందే చెప్పి పంపండి, ఆ మాటకు అమ్మేవాళ్లు నొచ్చుకుంటారు.