నీళ్ల గన్ను దడదడలాడితే సీళ్లనే అనొద్దు

మాది అనంతపురంలో లారీలు కడిగే షెడ్డు. పోయిన నెల మూడు ప్లంజర్ల (ముందుకూ వెనక్కూ ఆడుతూ నీళ్లు తోసే కడ్డీలు) ప్రెషర్ పంపు మొండికేసింది. గేజ్ ముల్లు ఒకటే వణుకు, పైపు చేతిలో ఎగిరెగిరి పడుతోంది. "సీళ్లు పోయినాయన్నా" అన్నాడు మా పిల్లోడు. సీళ్లంటే ప్లంజర్ల చుట్టూ నీళ్లు కారకుండా ఆపే రింగులు. అవి పోతే మామూలుగా ప్లంజర్ల కింద నీళ్లు కారాలి, అక్కడ చూస్తే పొడిగా ఉంది. నాకు వాల్వుల మీదే అనుమానం.

కరెంటు తీసేసి, గన్ను నొక్కి లైన్లో ప్రెషర్ పూర్తిగా వదిలాకే హెడ్ మూతలు విప్పాను. నీళ్లు పీల్చేవి మూడు, తోసేవి మూడు, మొత్తం 6 వాల్వులు. కలిసిపోకుండా గోనెపట్ట మీద వరసగా పేర్చాను. ఒక్కోదాంట్లో స్ప్రింగు ఉన్న వైపు డీజిల్ పోసి చూశా. ఐదు నిలబెట్టాయి, ఒకటి చుక్కచుక్క కార్చింది. దాని సీటు (వాల్వు ఆనుకుని మూసుకునే చోటు) మీద ఇసుక కోసిన గీత! మా బోరు నీళ్ల పుణ్యమే.

ఒక్కటే మారిస్తే మిగతావి వెనకాలే వస్తాయని ఆరూ కొత్తవి వేశాను. తొందరలో ఒక ఓ రింగుకు (మూత సందులో నీళ్లు ఆపే రబ్బరు రింగు) గ్రీజు రాయలేదు, అది నలిగి మూత దగ్గర కారింది. మళ్లీ విప్పుడే. మూతలు టార్క్ రెంచితో (బిగువు కొలిచి బిగించే పానా) బిగించాక ముల్లు నిలబడింది. ట్యాంకు దగ్గర ఫిల్టరు జాలీ చిరిగి ఉంది, అదీ మార్చాను.