పిల్లాడు మేకైపోయే కథ రాయాలంటే

ముందు జంతువును ఎంచుకోండి. మేకైతే మేలు: కనబడిందల్లా నమిలేస్తుంది కాబట్టి గొడవలు వాటంతటవే పుడతాయి. మొదటి పది వాక్యాల్లోనే పిల్లాడు మారిపోవాలి. మంత్రం ఎవరు వేశారో వివరిస్తూ కూర్చుంటే వినే పిల్లలు లేచిపోతారు.

ఒళ్లు మారినా బుద్ధి మాత్రం పిల్లాడిదే. అసలు నవ్వంతా అక్కడే ఉంది. హోంవర్క్ చేద్దామని కూర్చుంటాడు, గిట్టల మధ్య పెన్సిల్ నిలవదు, ఈలోగా నోరు నోటుబుక్కు అంచు కొరికేస్తుంది. ‘అమ్మా’ అనబోతే ‘మే’ అని వస్తుంది. ఇలాంటి చిక్కులు మూడు చాలు, ఒకదాన్ని మించి ఒకటి. నాలుగోది పెడితే సాగదీసినట్టుంటుంది.

మెడలో గంట విప్పితే మళ్లీ మనిషవుతాడనుకోండి, ఆ గంట మొదటి పేజీలోనే కనబడాలి. ఆఖర్లో ఎక్కణ్నుంచో ప్రత్యక్షమైతే పిల్లలు ఒప్పుకోరు. రాశాక పైకి చదవండి. నాలుక తడబడిన వాక్యాన్ని రెండుగా విరవండి.