మిరుగం దాటినంక ఐదు కుండీలు: మిద్దె మీద కూరగాయలు ఎలా పెంచాలి?

నేను మొదటిసారి మిద్దె మీద టమాట పెట్టింది మార్చి నెలలో. నల్లగొండ ఎండల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. మొక్కలు మాత్రం బాగానే పెరిగాయి, ఏప్రిల్‌లో పూత కూడా వచ్చింది. ఒక్క కాయ నిలవలేదు. పొద్దున చూస్తే కుండీ చుట్టూ పసుపు పూలు రాలి ఉండేవి. ఎరువు తక్కువైందేమోనని ఎరువు వేశాను. నీళ్లు చాలట్లేదేమోనని రోజుకు మూడుసార్లు పోశాను. చివరికి ఆకులన్నీ పసుపు తిరిగాక పక్కింటి పెద్దమ్మను పిలిచి చూపించాను. ఆమె బతుకంతా చెలకలో పని చేసిన మనిషి. మట్టిలో వేలు పెట్టి చూసి ఒకటే మాట అన్నది: "ఎండకు కాదు బిడ్డా, నువ్వు నీళ్లు పోసి పోసి సంపుతున్నవ్."

రెండు తప్పులూ నావే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాట పూత నిలవదు. మనకు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 మామూలే. పూత రాలింది వేడికి. వేర్లు కుళ్లింది నీళ్లకు. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ఈ రెండింటి గురించే ముందు చెబుతాను, కుండీల గురించి ఆ తర్వాత.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మిరుగం దాటినంక. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, కాబట్టి జూన్ రెండో వారం నుంచి. ఒకటి రెండు వానలు పడి, మిద్దె స్లాబు చల్లబడిన తర్వాత బెండ, వంకాయ, మిర్చి, పుంటికూర (గోంగూర), తోటకూర, తీగ జాతులన్నీ పెట్టొచ్చు. ఆ సమయం తప్పిపోతే దసరా చుట్టుపక్కల మళ్లీ మంచి అదను ఉంటుంది. టమాట, పాలకూర, మెంతికూర, కొత్తిమీర చలికాలంలో వచ్చినంత సులువుగా ఇంకెప్పుడూ రావు. ఎండాకాలంలో కొత్తిమీర జోలికి వెళ్లకండి. మొలకే సరిగా రాదు, వచ్చినా నాలుగు ఆకులకే పూతకు వెళ్తుంది.

మొదటిసారి ఐదు కుండీలు చాలు. ఆకుకూరలకు రెండు, బెండకు రెండు, మిర్చికి ఒకటి. ఉత్సాహంలో ఒకేసారి ముప్పై కుండీలు కొని, మూడో నెలలో అవన్నీ వాటర్ ట్యాంకు పక్కన బోర్లించి పెట్టినవాళ్లు నాకు తెలుసు.

ఎండ, బరువు

కుండీలు కొనే ముందు ఒక రోజు మిద్దె మీద గమనించండి. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు నీడ ఎక్కడ పడుతోందో చాక్‌పీసుతో గీత గీయండి. కాయకూరలకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటు దొరికితే మన ప్రాంతానికి అంతకన్నా మంచి జాగా లేదు.

20 లీటర్ల బకెట్‌లో తడి మట్టి నింపితే సుమారు 25, 30 కిలోలు తూగుతుంది. అందుకే పెద్ద కుండీలను స్లాబు నడుమ కాకుండా, కింద గోడలు, బీములు ఉన్న చోట వరసగా పెట్టండి. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు తప్పనిసరి. నీళ్లు నిలవకుండా కిందికి కారతాయి, స్లాబు వేడి వేర్లకు తగలదు, చెమ్మ దిగి ఇంటి ఓనరుతో మాట పడే పనీ ఉండదు.

కుండీలు

ఆకుకూరలకు 6 అంగుళాల లోతు ఉంటే చాలు. వెడల్పుగా ఉండటం ముఖ్యం, అందుకే పాత టబ్బులు బాగా పనికొస్తాయి. మిర్చి, వంకాయ, టమాట, బెండలకు 12 అంగుళాల లోతు కావాలి. సొర, బీర, కాకర లాంటి తీగలకు 20 లీటర్లకు తగ్గకూడదు. పెయింట్ బకెట్లు చౌకగా దొరుకుతాయి కానీ లోపల పట్టిన రంగు మొత్తం గీకి కడగాలి. ఇనుప చువ్వ కాల్చి అడుగున ఐదారు రంధ్రాలు పెట్టండి. ఒక్క రంధ్రం సరిపోదు. దానికి మట్టి అడ్డం పడితే లోపల బురదే. నల్ల గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) మన ఎండకు బాగా కాలుతాయి, తెల్లవి తీసుకోండి.

మట్టి

ఊరి బయట చెలకల్లో దొరికే ఎర్రమట్టి మనకున్న పెద్ద సౌకర్యం. అది ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక వంతు, నానబెట్టి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు. ఒక్కో కుండీకి గుప్పెడు వేపపిండి. అంతే. చెరువు మట్టి బలమైనదని చాలామంది దాంతోనే నింపేస్తారు. పొలానికి అది బంగారమే కానీ కుండీలో వట్టిదే పోస్తే ఎండితే రాయి, తడిస్తే జిగురు. కావాలంటే ఎర్రమట్టిలో నాలుగో వంతు వరకు కలుపుకోండి. పచ్చి పేడ మాత్రం వద్దు, ఆ వేడికి వేర్లు మాడతాయి.

గుప్పెడు మట్టి పిడికిట్లో బిగించి వదలండి. ముద్దలా నిలబడి, వేలితో తాకగానే విరిగిపోతే సరిగ్గా కుదిరినట్టు. కుండీని అంచుదాకా నింపకుండా రెండు అంగుళాలు వదలండి.

విత్తనాలు

మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోంచే తీసుకోవచ్చు. ధనియాన్ని అరచేతితో నేలమీద రుద్ది రెండు బద్దలు చేసి చల్లాలి. ఎనిమిది నుంచి పన్నెండు రోజులకు మొలుస్తుంది. మెంతి మూడు నాలుగు రోజులకే తల ఎత్తుతుంది, కొత్తవాళ్లకు ధైర్యం రావడానికి దాన్ని మించింది లేదు. మిగతావి ప్యాకెట్ కొనండి. బెండలో అర్క అనామిక రకం పసుపు ఈనెల తెగులును కొంతవరకు తట్టుకుంటుంది. టమాటలో అర్క రక్షక్ పేరు వినే ఉంటారు. అది హైబ్రిడ్, దాని విత్తనం దాచుకుని మరుసటేడు వేస్తే అదే కాపు రాదు. ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులో ఉంటే మందు పట్టించినవని అర్థం. చల్లాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి.

గింజ ఎంత మందం ఉందో దానికి రెండింతల లోతులో పెట్టాలి. బెండ నేరుగా కుండీలోనే, కుండీకి రెండు గింజలు. మొలిచాక బలమైనది ఉంచి రెండోది తీసేయాలి. ఆ తీసేసేటప్పుడు ప్రాణం ఒప్పదు. ఒప్పకపోయినా తీసేయండి, రెండూ ఉంచితే రెండూ పీలగానే ఉంటాయి. టమాట, వంకాయ, మిర్చి ముందు చిన్న గ్లాసుల్లో నారు పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక, అంటే దాదాపు 25, 30 రోజులకు, సాయంత్రం పూట మార్చాలి.

నీళ్లు

చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. పైపైన చిలకరిస్తే వేర్లు పైకే వస్తాయి, ఒక్కరోజు ఊరెళ్లినా మొక్క వాలిపోతుంది. వానాకాలంలో వారం రోజులు నీళ్లు పోయనవసరం రాకపోవచ్చు. ఎండాకాలంలో రోజూ పొద్దున ఆరింటికి, వాలిపోయేలా ఉంటే సాయంత్రం ఇంకోసారి. మధ్యాహ్నం ఆకులు వేలాడితే వెంటనే కంగారుపడి పైపు పట్టుకోకండి. ఎండకు చాలా మొక్కలు అలా ముడుచుకుని సాయంత్రానికి లేస్తాయి. పైగా అప్పుడు పైపులోంచి వచ్చేది వేన్నీళ్లు.

ఇక మన నీళ్ల రకం. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పడింది, కాబట్టి మన బోరు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు నీళ్లు రోజూ పోస్తే కుండీ అంచుల్లో, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. నేను చేసిన ఇంకో తెలివైన పని ఏమిటంటే, వంటింట్లో ఆర్వో మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లను బకెట్‌లో పట్టి మొక్కలకు పోయడం. నీళ్లు పొదుపు చేస్తున్నానని లోపల గర్వం కూడా. మూడు వారాలకు మిర్చి ఆకుల కొసలు కాల్చినట్టు గోధుమరంగు తిరిగాయి. ఆర్వో మంచి నీళ్లను మనకిచ్చి, ఉప్పునంతా ఆ వృథా నీళ్లలోకి నెడుతుంది. మనం పోసేది బోరు కన్నా చిక్కటి ఉప్పు నీళ్లు. వాటితో బండలు కడుక్కోండి, మొక్కలకు వద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. వాన పడితే డ్రమ్ము పట్టండి. బోరు తప్ప దారి లేకపోతే నెలకోసారి కుండీలో మామూలు కన్నా రెండు మూడు రెట్లు నీళ్లు పోసి, ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోయేలా చేయండి. వానాకాలంలో ఆ పని వానే చేస్తుంది.

మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో, పల్లి పొట్టో రెండు అంగుళాల మందం పరిస్తే తడి తొందరగా ఆరదు.

ఎరువు

రెండు మూడు వారాలకోసారి కుండీకి గుప్పెడు వర్మీ కంపోస్టు. పాలమూరు వైపు పల్లి చెక్క (పల్లి నూనె తీశాక మిగిలే పిప్పి) తేలిగ్గా దొరుకుతుంది. 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, దానికి పదింతల నీళ్లు కలిపి మొక్క మొదలు దగ్గర పోస్తే కాపు మీదున్న మొక్కలు బాగా అందుకుంటాయి. వాసన మాత్రం భరించలేం. చుట్టాలు వచ్చే రోజు మూత తీయకండి.

తీగలకు పెళ్లి చేయడం

బీర, సొర పూస్తున్నాయి కానీ పిందె కుళ్లి రాలుతోందని చాలామంది అంటారు. ఎక్కువసార్లు అది తెగులు కాదు, తేనెటీగలు మిద్దె దాకా రాలేదంతే. పువ్వు కింద చిన్న కాయలాంటిది ఉంటే ఆడపువ్వు, సన్నటి కాడే ఉంటే మగపువ్వు. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పొద్దున. ఆ సమయానికి ఒక మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. రెండు రోజుల్లో పిందె ఆకుపచ్చగా పొడవు సాగితే పని అయినట్టే. నేను మొదటిసారి చేసినప్పుడు చీకటి పడుతుంటే మా అత్తమ్మ టార్చి పట్టుకుని నిలబడింది. ఆ బీరకాయను ఆమె ఎవరినీ కోయనివ్వలేదు.

పురుగులు, కోతులు

ఆకులు తిప్పి అడుగు చూడటం అలవాటు చేసుకోండి. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి అక్కడే కాపురం పెడతాయి. కొద్దిగా ఉంటే నీళ్ల ధారతో కొట్టి దులిపేయండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. మిర్చి ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. బెండ ఆకుల ఈనెలు పసుపు వలలా మారితే దానికి మందు లేదు. ఆ మొక్క పీకి దూరంగా పడేయండి, లేకపోతే తెల్లదోమ పక్కదానికి అంటిస్తుంది. టమాట కాయ అడుగు నల్లబడితే అది పురుగు పని కాదు. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి ముంచడం వల్ల కాయకు కాల్షియం అందలేదు.

కోతులకు నా దగ్గర మందు లేదు. వల కట్టడం ఒక్కటే దారి. మా మిద్దె మీదికొచ్చే మంద టమాటను పచ్చిదైనా వదలదు. మిర్చిని, పుంటికూరను ఇప్పటిదాకా ముట్టలేదు, వల కొనలేని ఏడాది నేను అవే పెట్టుకుంటాను.

కోత

మెంతి, తోటకూర 25 నుంచి 30 రోజులకు చేతికొస్తాయి. పాలకూరను పీకకుండా బయటి ఆకులు కోస్తే మళ్లీ మళ్లీ వస్తుంది. బెండ 45, 50 రోజులకు మొదలవుతుంది, ఆ తర్వాత రోజు విడిచి రోజు కోయాల్సిందే. రెండు రోజులు మరిచిపోతే ముదిరి కత్తికి కూడా తెగదు, మొక్క కూడా ఇక కాయడం తగ్గిస్తుంది.

ఎండాకాలం వచ్చాక

మార్చి చివరికి గ్రీన్ నెట్ కట్టండి, 50 శాతం నీడ ఇచ్చేది చాలు. దాని కింద తోటకూర, గంగవాయిలకూర (పావిలికూర), పుదీనా ఉంచుకుని మిగతావాటికి సెలవు ఇవ్వండి. కాపు అయిపోయిన కుండీల మట్టిని మే నెలలో పట్టా మీద గుమ్మరించి, వేర్లు ఏరి, పల్చగా తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి నాలుగు వారాలు ఎండలో వదిలేయండి. ఆ వేడికి మట్టిలోని తెగుళ్లు, పురుగు గుడ్లు చాలావరకు పోతాయి. మనల్ని మాడ్చే రోహిణి కార్తె ఎండ పనికొచ్చేది ఇక్కడే. తర్వాత మూడో వంతు కొత్త ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి కుండీలు నింపి పెట్టుకోండి. అప్పటికి మిరుగం వస్తుంది.