ఆరోగ్య సమాచారం వెతకడం, చదవడం, డాక్యుమెంటరీ చూడడం ఎలా?

ఒంట్లో ఏదో తేడాగా అనిపించగానే గూగుల్‌లో కొట్టడం, పైన కనిపించిన మొదటి లింకు చదివి టెన్షన్ పడిపోవడం, సాయంత్రానికి దాన్ని పదిమందికి ఫార్వర్డ్ చేయడం... ఇది చూసి చూసి విసిగిపోయాను. నిజానికి వెతకడం పెద్ద కష్టమేమీ కాదు. దొరికినదాన్ని చదివే దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

కావలసినవి: ఫోనో కంప్యూటరో, ఒక కాగితం, ఒక పెన్ను. కాగితం తప్పనిసరి. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు, వాటిని మళ్లీ ఎవరూ తెరిచి చూడరు.

1. ప్రశ్న రాయండి. ‘మోకాళ్ల నొప్పికి ఏది మంచిది?’ అని కాదు. ‘మోకాలి అరుగుదలకు వ్యాయామం పనిచేస్తుందా? ఎన్నాళ్లు చేయాలి?’ అని రాయండి.

2. మంచి చోట మొదలుపెట్టండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సైట్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్ట్ షీట్లు. ముందు ఈ మూడూ చూడండి. ఇంకా లోతుగా కావాలంటే కోక్రేన్‌కు వెళ్లండి. 1993లో మొదలైన ఈ సంస్థ ఒకే విషయంపై జరిగిన అధ్యయనాలన్నీ పోగుచేసి, జల్లెడ పట్టి, మామూలు మాటల్లో సారాంశం కూడా ఇస్తుంది.

పబ్‌మెడ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. అక్కడ విడివిడి పరిశోధనలు లక్షల్లో ఉంటాయి, ఏం నిరూపించాలన్నా ఏదో ఒక పరిశోధన పత్రం దొరుకుతుంది. పేరున్న పత్రికలో అచ్చయినంత మాత్రాన నిజమైపోదు. టీకాకు, ఆటిజానికి ముడిపెడుతూ బ్రిటన్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ రాసిన వ్యాసం 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలోనే వచ్చింది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. పత్రిక దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో.

చాట్‌బాట్‌ను అడిగితే క్షణంలో చెబుతుంది కదా అంటారు. అది ఇచ్చిన జవాబు ఏ సంవత్సరం సమాచారంతో చెప్పిందో చాలాసార్లు మీకు తెలియదు. అది చూపిన లింకు తెరిచి, ఆ మాట అక్కడ నిజంగా ఉందో లేదో చూసుకోవాల్సిందే. ఆ శ్రమేదో మొదటే సరైన సైట్‌లో పడితే పోతుంది.

3. తేదీ చూడండి. పేజీ అడుగున ‘చివరిసారి సమీక్షించినది’ అని ఉంటుంది. తేదీ లేని పేజీని నేనైతే చదవను, మీరూ చదవొద్దు. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్లు నిండేదాకా వేరుశెనగ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది. 2015లో వచ్చిన లీప్ అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. పసితనం నుంచే తిన్న పిల్లల్లోనే ఆ అలర్జీ బాగా తక్కువగా కనిపించింది. పాత పేజీ రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, కానీ ఈ రోజు దాన్ని పాటిస్తే నష్టం పిల్లలకే.

4. అంకెను విప్పి చదవండి. అసలు చిక్కంతా ఇక్కడే. తొందరపడకండి.

‘ముప్పు రెట్టింపు’ అన్న మాట కనిపించగానే ఆగండి. దేనికి రెట్టింపు? 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. మాట నిజమే. కానీ పాత మాత్రలతో 7,000 మందిలో ఒకరికి వచ్చేది, వీటితో ఇద్దరికి వస్తుంది. అంటే 7,000 మందికి ఒక్కరు ఎక్కువ. ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పలేదు. భయపడి ఎంతోమంది మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13,000 పెరిగాయి.

ఇంకొకటి మీరే కాగితం మీద వేసి చూడండి. సాసేజీల్లాంటి ప్రాసెస్ చేసిన మాంసం రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. వందమంది తింటే 18 మందికి క్యాన్సర్ వస్తుందని దీన్ని చదివేవాళ్లే ఎక్కువ. జీవితకాలంలో నూటికి అయిదుగురికి వచ్చే జబ్బు అనుకోండి. అయిదులో 18 శాతం ఎంత? 0.9. అంటే అయిదుగురి బదులు ఇంచుమించు ఆరుగురు. పట్టించుకోవాల్సిన విషయమే, కానీ వణికిపోవాల్సింది కాదు. క్యాన్సర్ కారకాల్లో పొగాకు ఉన్న జాబితాలోనే దీన్నీ చేర్చారు కాబట్టి రెండూ ఒకే అంత ప్రమాదం అనుకోవడం మరో పొరపాటు. రుజువు ఎంత గట్టిగా ఉందో ఆ జాబితా చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు.

అందుకని ప్రతిసారీ కాగితం మీద రెండు గీతలు గీసి రాయండి: అది లేకపోతే నూటికో వెయ్యికో ఎందరు, ఉంటే ఎందరు. ఈ రెండు అంకెలూ వ్యాసంలో లేకపోతే, నిర్ణయం తీసుకోవడానికి ఆ వ్యాసం చాలదు. ప్రయోగం ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది కూడా పక్కనే రాసుకోండి.

5. డాక్యుమెంటరీ చివర్లో చూడండి. ముందు చదవాలి, తర్వాతే చూడాలి. సంగీతం, కన్నీళ్లు, ఒక తల్లి ముఖం దగ్గరగా... ఇవన్నీ మనసులో పడ్డాక అంకెలు ఎక్కవు. బీబీసీ హొరైజన్, అమెరికా ప్రజా టీవీ పీబీఎస్ తీసే నోవా, ఫ్రంట్‌లైన్ లాంటివాటితో మొదలుపెట్టండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ డిజిటల్ భండారంలో పాత వైద్య చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అవి చరిత్ర తెలుసుకోవడానికి మాత్రమే, చికిత్సకు కాదు.

ఏ సంవత్సరంలో తీశారు, డబ్బు ఎవరు పెట్టారు, చివర్లో ఏమైనా అమ్ముతున్నారా, కాదనే నిపుణుణ్ని పూర్తిగా మాట్లాడనిచ్చారా, ఇవన్నీ చూడండి. పైన చెప్పిన వేక్‌ఫీల్డే దర్శకుడిగా టీకాల మీద ఒక చిత్రం తీశారు. 2016లో న్యూయార్క్‌లోని ట్రైబెకా చిత్రోత్సవం దాన్ని మొదట ఎంపిక చేసి, తర్వాత తొలగించింది. డాక్యుమెంటరీ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అంకె వినిపించినప్పుడల్లా పాజ్ చేసి రాసుకోండి, తర్వాత నాలుగో అడుగులో చెప్పినట్టు విప్పండి.

6. కాగితం డాక్టర్‌కు చూపించండి. పేజీ పేరు, తేదీ, మీ రెండు అంకెలు, మూడు ప్రశ్నలు. అంతకు మించి వద్దు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘ఇది నా వయసుకు, నాకున్న జబ్బులకు వర్తిస్తుందా?’ జవాబు వచ్చేదాకా, వాడుతున్న మందు ఒక్క పూట కూడా సొంతంగా ఆపకండి.