సామూహిక యోగా తరగతిలో చేరినవారికి

జూన్ 21న యోగా దినోత్సవం నాడు ఉత్సాహంగా చాప కొనుక్కుని, పార్కులో జరిగే తరగతిలో చేరి, శ్రావణమాసం వచ్చేసరికి నడుం పట్టేసిందనో, తేడా ఏమీ తెలియలేదనో మానేసేవారిని ఏటా చూస్తుంటాము. లోపం చాలావరకు ఆసనాల్లో ఉండదు. ముప్పై మంది మధ్య నిలబడినప్పుడు మన చూపు మన ఒంటి మీద కాక పక్కవారి ఒంటి మీద నిలవడం వల్లనే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి. కాబట్టి అందరి లయతో కలిసి సాగుతూనే, ఎంత వంగాలో, ఎంతసేపు నిలవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవడం ముందుగా నేర్చుకోవాలి.

మొదటి రోజు పది నిమిషాలు ముందుగా వెళ్లి, మాస్టారిని పక్కకు పిలిచి, మీ ఆరోగ్యం సంగతి దాచకుండా చెప్పండి. అదుపులో లేని రక్తపోటు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు తల కిందికి ఉండే ఆసనాలకు, వెన్నులో డిస్కు జారినవారు నడుమును పూర్తిగా ముందుకు వంచే పాదహస్తాసనం వంటివాటికి డాక్టరును అడగకుండా పూనుకోకూడదు. గర్భవతులు, ఈ మధ్య ఆపరేషను అయినవారు కూడా ముందే చెప్పి తీరాలి. నలుగురిలో ఎందుకులే అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. భోజనం చేసినవారు మూడు నాలుగు గంటలు ఆగాలి. పొద్దున్నే ఖాళీ కడుపుతో నీరసం వచ్చేవారు అరగంట ముందు సగం అరటిపండు తినవచ్చు గాని, చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఈ విషయం తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి.

చాప ఎక్కడ పరుచుకోవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాని కొత్తవారికి అదే ముఖ్యం. ముందు వరుసలో నిలబడితే మాస్టారు బాగా కనిపిస్తారు నిజమే. అయితే అందరూ పక్కకో వెనక్కో తిరిగినప్పుడు ఎదుట చూసి అనుసరించడానికి ఎవరూ ఉండకపోవచ్చు. చివరి వరుసలో మన తప్పు మాస్టారి కంటపడదు. మధ్య వరుసలో, ముందూ వెనకా అనుభవం ఉన్నవారు ఉండేచోటు చూసుకోవడం మేలు. తల వంచి ఉండగా మాస్టారిని చూడాలని మెడ తిప్పవద్దు. మాట విని చేయడం అలవాటు చేసుకోండి.

సూర్య నమస్కారాల్లో ఈ జాగ్రత్త ఎంత అవసరమో స్పష్టంగా తెలుస్తుంది. పన్నెండు స్థితుల్లో ఆరవదిగా సాధారణంగా నేర్పే అష్టాంగ నమస్కారాన్నే తీసుకోండి. రెండు పాదాలు, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, ఛాతీ, గడ్డం మాత్రమే నేలను తాకి, పిరుదులు కాస్త పైకి లేచి ఉండాలి. లెక్క వేగంగా నడిచేటప్పుడు చాలామంది ఒక్కసారిగా పొట్ట మీద పడిపోతారు, దానితో భారమంతా భుజాల మీదికి, నడుము మీదికి వెళుతుంది. ముందు మోకాళ్లను నేలకు ఆనించి, మోచేతులను పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, ఆ తర్వాత ఛాతీని, గడ్డాన్ని నెమ్మదిగా దించాలి. వేళ్లను బాగా చాచి, చూపుడువేలు అరచేతితో కలిసేచోటు నేలను వదలకుండా ఉంచితే మణికట్టు నొప్పి చాలావరకు తగ్గుతుంది. ఇలా చేయడంలో ఒక లెక్క వెనకబడితే పడండి. అందరూ పన్నెండు నమస్కారాలు చేస్తుంటే మీరు ఆరు చేసి నిలబడటంలో తప్పు లేదు.

ఊపిరే కొలత. ముక్కుతో తీసుకునే శ్వాస చాలక నోరు తెరవవలసి వస్తే వేగం తగ్గించాలి. మరుసటి రోజు కండరాలు పట్టేసినట్టు ఉండటం సహజం, అది రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలులో పోటు వచ్చినా, కాలిలోకి నొప్పి పాకినా, ఛాతీ పట్టినట్టయినా అక్కడికక్కడే ఆపివేయాలి.

ఇక చివర్లో వెల్లకిలా పడుకుని ఒళ్లంతా సడలించే శవాసనం. ఆఫీసుకు ఆలస్యమవుతుందని సరిగ్గా ఆ సమయానికే చాప చుట్టుకుని వెళ్లిపోయేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే పరుగెత్తిన గుండె, వేడెక్కిన కండరాలు నెమ్మదించేది ఆ ఐదు నిమిషాల్లోనే. కళ్లు తిరగకుండా ఉండాలంటే ఒక పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో మెల్లగా లేవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని చెబుతోంది. గంట తరగతిలో ప్రాణాయామం, విశ్రాంతి పోగా అటువంటి శ్రమ అరగంటకు మించకపోవచ్చు కనుక, తరగతి లేని రోజుల్లో చురుకైన నడక కూడా పెట్టుకోండి. తరగతి ముగిశాక వారానికి ఒక్కసారైనా మాస్టారి ఎదుట ఒకే ఒక ఆసనం చేసి చూపి, దిద్దమని అడగండి. ఆయన చెప్పిన సవరణను మరునాడు ఇంట్లో రెండు మూడు సార్లు చేసి చూసుకుని, ఆ తర్వాతే తరగతికి వెళ్లండి.