మీ వీధి సమస్య జీవీఎంసీ కౌన్సిల్ దాకా వెళ్లాలంటే: అర్జీ పెట్టే విధానం

మన వీధి కాలువ గురించి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కౌన్సిల్‌లో మాట్లాడించాలి, అర్జీ ఎక్కడ ఇవ్వాలి? విశాఖలో అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు, కాలనీ పెద్దలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ముందే ఒక మాట. కౌన్సిల్ అజెండాలో అంశం పెట్టమని మనం నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు లేదు. అంశం కమిషనర్ కార్యాలయం నుంచి రావాలి, లేదా కార్పొరేటర్లు తేవాలి. మన చేతిలో ఉన్నదల్లా అర్జీయే. దాన్ని కార్పొరేటర్ సభలో అర నిమిషంలో చదివి చెప్పగలిగేలా రాసివ్వాలి.

అసలు మీ సమస్యకు కౌన్సిల్ అవసరమా? వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా, కుళాయి పైపు లీకైనా అంత దూరం వెళ్లక్కర్లేదు. టోల్ ఫ్రీ నంబరు 1800 4250 0009కి ఫోన్ చేయండి. పురమిత్ర యాప్‌లో ఫొటో పెట్టినా, వార్డు సచివాలయంలో ఎమినిటీస్ (నీళ్లు, రోడ్లు, లైట్లు చూసే) కార్యదర్శికో శానిటేషన్ కార్యదర్శికో చెప్పినా సరిపోతుంది. కొత్త కాలువ, ఖాళీ స్థలంలో పార్కు, కమ్యూనిటీ హాలు, వీధికి పేరు, మార్కెట్ షాపుల లీజు లాంటివి వేరు. డబ్బు మంజూరో, విధాన నిర్ణయమో కావాలి కాబట్టి అవి కార్పొరేటర్ల చిన్న కమిటీ అయిన స్టాండింగ్ కమిటీకి గానీ కౌన్సిల్‌కి గానీ వెళ్తాయి.

ఇంకో చిక్కు, ఆ పని ఎవరిది అన్నది. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌ది, దానికి 1912కి ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీద గోతులు హైవే వాళ్లవి. సెంట్రల్ పార్కు, కైలాసగిరి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏవి. పోర్టు, రైల్వే స్థలాల్లోని రోడ్ల సంగతి మళ్లీ వేరు. ఇది తేల్చుకోకుండా అర్జీ ఇస్తే, "మా పరిధిలోది కాదు" అని రాసిన జవాబు (ఎండార్స్‌మెంట్) ఒక్కటే చేతికొస్తుంది.

ఇక అర్జీ. ఒక కాగితంలో ఒకే సమస్య రాయండి. మా వీధి వాళ్లం మొదటిసారి కాలువ, కుక్కలు, లైట్లు, పక్కింటి మెట్లు అన్నీ కలిపి నాలుగు పేజీలు రాసి, అరవై సంతకాలు పెట్టి ఇచ్చాం. ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, టౌన్ ప్లానింగ్ మూడూ వేర్వేరు విభాగాలు. మా కాగితం ఏ విభాగానిదో మాకే తెలియనప్పుడు ఇంకెవరికి తెలుస్తుంది? రెండోసారి ఇలా రాశాం:

"కమిషనర్ గారికి. విషయం: మా వీధిలో వర్షపు నీటి కాలువ నిర్మాణం గురించి. ఫలానా డోర్ నంబరు దగ్గర్నుంచి గెడ్డలో కలిసే చోటు వరకు సుమారు 120 మీటర్ల మేర కాలువ లేదు. వాన పడితే నీరు ఇళ్లలోకి వస్తోంది. స్థలం చూసి అంచనా తయారు చేయించి, మంజూరు కోసం తగిన సభ ముందు పెట్టగలరని మనవి."

టేపు లేకపోతే అడుగులతో కొలిచినా పర్వాలేదు, కానీ పొడవు మాత్రం రాయాలి. కాలువ అంచనా మీటర్ల లెక్కన వేస్తారు. వార్డు నంబరు, దగ్గర్లోని స్తంభం నంబరు, వాన పడిన రోజు తీసిన రెండు ఫొటోలు జత చేయండి. ఎండలో తీసిన ఫొటోలో వీధి చక్కగానే కనిపిస్తుంది!

సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ అర్జీ ఇవ్వండి. ఆశీల్‌మెట్టలోని తెన్నేటి భవనంలో ఇవ్వొచ్చు, మీ జోనల్ కార్యాలయంలో ఇచ్చినా సరే. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా మాత్రం కదలొద్దు.

ఆ నంబరు పైన రాసి, ఒక నకలు కార్పొరేటర్ గారికి ఇవ్వండి. చాలామంది చేసే పొరపాటు సమావేశం రోజు వెళ్లడం. అజెండా సభ్యులకు ముందుగానే చేరిపోతుంది కాబట్టి, అది తయారయ్యే లోపే కలవాలి. ఆ గడువు దాటిపోతే అజెండాలో లేని విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో ప్రస్తావించమని అడగొచ్చు. అలా ప్రస్తావిస్తే అధికారులతో సమాధానం చెప్పించవచ్చేమో గానీ, డబ్బు మంజూరైనట్టు కాదు. జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర ధర్నా చేస్తే పేపర్లో ఫొటో వస్తుంది, అంచనా మాత్రం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వేస్తేనే వస్తుంది.

కౌన్సిల్ లేని రోజుల్లో ఎలా అంటారా? 2012లో పాత పాలకవర్గం గడువు ముగిశాక, 2021 మార్చిలో 98 వార్డులకు ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. కౌన్సిల్ అధికారాలు ఆయన చేతిలోనే ఉంటాయి. అప్పుడూ అర్జీ ఇదే, కార్పొరేటర్‌కి ఇచ్చే నకలు ఒక్కటి తగ్గుతుంది.

తీర్మానం అయిపోయింది కదా అని తీరుబడిగా కూర్చోకండి. తర్వాత టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డరు ఉంటాయి. ఎక్కడ ఆగిందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. తెల్ల కార్డు ఉన్నవాళ్లకు రుసుము లేదు, కార్డు నకలు జత చేస్తే చాలు. "ఎందుకు చేయలేదు?" అని అడగొద్దు. తీర్మానం నకలు, అంచనా నకలు, టెండరు పిలిచిన తేదీ ఇమ్మని అడగండి, ఎందుకంటే ఆ చట్టం కింద వచ్చేవి రికార్డులే గానీ సంజాయిషీలు కావు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయొచ్చు.

ఏఈ స్థలం చూడటానికి వచ్చే రోజు వీధిలో తెలిసినవాళ్లు ఒకరైనా ఉండేలా చూసుకోండి. నీరు ఎటు నుంచి వచ్చి ఎవరి గడప దగ్గర ఆగుతుందో ఆయనకు నడిచి చూపించాలి.