చిన్నప్పటి ఉబ్బసం తగ్గిపోయిందా? పెద్దయ్యాక ఊపిరితిత్తులను ఎలా కాపాడుకోవాలి?

మా కోనసీమలో ఉబ్బసం ఉన్న పిల్లాడిని చూసి "ఎదిగితే అదే పోతుందిలే" అంటారు. నాకూ అదే చెప్పారు. రాత్రంతా అమ్మ ఒళ్లో నిటారుగా కూర్చుని ఊపిరి తీసుకున్న రోజులు పదో తరగతికల్లా పోయాయి. దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో మళ్లీ పిల్లికూతలు మొదలయ్యేసరికి నాకు 29 ఏళ్లు.

ఇది అరుదేమీ కాదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లలను 26 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. వారిలో 12 శాతం మందికి పిల్లికూతలు పూర్తిగా ఆగి, తర్వాత తిరగబెట్టాయి.

ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆయాసం ఏ వయసులో మొదలైంది? ఆసుపత్రిలో ఎన్నిసార్లు చేర్చారు? తుమ్ములు, చర్మం దురద కూడా ఉండేవా? చిన్న వయసులోనే మొదలైనా, ఇంటి దుమ్ము పడకపోయినా పెద్దయ్యాక మిగిలే అవకాశం ఎక్కువ. ఆ వివరాలు కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపండి.

తర్వాత స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల శక్తిని కొలిచే పరీక్ష, చేయించుకోండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఒక్కసారి చేయించుకోమనే నా సలహా. ఊపిరితిత్తుల శక్తి 20-25 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. చిన్నప్పుడు ఉబ్బసం గట్టిగా ఉన్నవారిలో కొందరు ఆ గరిష్ఠాన్నే అందుకోలేరు. వయసులో ఉండగా ఆ లోటు తెలియదు, నలభై దాటాక మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది. పరీక్షలో నొప్పి ఉండదు. నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా, చివరిదాకా ఊదాలి. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. ఇన్హేలర్ వాడుతుంటే పరీక్షకు ఎన్ని గంటల ముందు ఆపాలో ముందే అడగండి. రిపోర్టు పారేయకండి, కొన్నేళ్ల తర్వాత పోల్చి చూడడానికి అదే ఆధారం.

సిగరెట్, చుట్ట ముట్టుకోవద్దు. ఇందులో బేరం లేదు.

పని ఎంచుకునేటప్పుడూ ఆలోచించండి. రైసుమిల్లులో ఊక దుమ్ము, కొబ్బరిపీచు దుమ్ము, రొయ్యల ప్లాంటులో ఆవిరి, తుంపర్లు ఉబ్బసాన్ని రేపగలవు. సెలవు రోజున తేలికపడి, పనిలోకి వెళ్లగానే ఆయాసం వస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

లక్షణాలు తిరిగొస్తే ఇన్హేలర్‌కు జంకకండి. "అలవాటైపోతుంది" అన్న మాట వల్లే మా ఇంట్లో నాకు ఏళ్ల తరబడి వాడలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. పిల్లల ఎదుగుదల ఆగిపోతుందన్న భయమూ ఉంటుంది. అమెరికా, కెనడాల్లో పిల్లలకు నాలుగైదేళ్లు స్టెరాయిడ్ ఇన్హేలర్ (వాపును తగ్గించే మందు) ఇచ్చి చూస్తే, పెద్దయ్యాక ఎత్తు తగ్గింది సగటున 1.2 సెంటీమీటర్లే. వెంటనే ఉపశమనమిచ్చే నీలం ఇన్హేలర్ ఒక్కటే సరిపోదు, లోపలి వాపును తగ్గించే మందు కూడా కావాలి. పీల్చాక నోరు పుక్కిలించండి. గర్భం వచ్చిందని సొంతంగా మానేయకండి.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలమవుతున్నా తెల్లారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.